ఖమ్మం–భద్రాచలం అడవి అంచు పాత సైకిళ్లు

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ, గోదావరి పక్కన చర్ల నుంచి కూనవరం, చింతూరు దాకా పరుచుకున్న అడవి పల్లెల్లోనూ, ఎడ్లబండి పోలేని బాటల మీద రెండు మూడు తరాల పాటు బరువు మోసింది పెద్ద నల్ల సైకిల్. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక ఇనుప క్యారేజీ, చక్రాన్ని నేల నుంచి లేపి నిలబెట్టే స్టాండు దాని గుర్తులు. కంపెనీ నుంచి ఈ సైకిళ్లన్నీ ఒకే పోలికతో వచ్చాయి. ఇక్కడికి చేరి పదేళ్లు గడిచేసరికి ఏ రెండూ ఒకేలా మిగల్లేదు. కట్టెలమ్మే మనిషి సైకిల్, పాలు పోసే మనిషి సైకిల్, కత్తులకు సాన పట్టే మనిషి సైకిల్ పక్కపక్కన నిలబెడితే మూడూ వేరువేరు పనిముట్లు. పాత సైకిల్ అందమంతా ఈ మార్పులోనే ఉంది. దాన్ని పాతకాలపు జ్ఞాపకంగా మాత్రమే చూసేవాళ్లకు ఈ సంగతి కనిపించదు.

దారులు

1956 దాకా గోదావరే ఇక్కడ రాష్ట్రాల మధ్య హద్దు. ఒక ఒడ్డున హైదరాబాద్ రాష్ట్రం, రెండో ఒడ్డున తూర్పు గోదావరి జిల్లా. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో అందులో కలిశాయి. 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. అవతల ఛత్తీస్‌గఢ్, ఒడిశా. పటం మీద గీతలు ఇన్నిసార్లు మారినా, కోయ పల్లెల నుంచి సంతకు వచ్చే కాలిబాటలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

భద్రాచలం రోడ్ అనే పేరున్న రైల్వే స్టేషన్ భద్రాచలంలో లేదు. దాదాపు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెనను రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1965లో ప్రారంభించారు. అంతకు ముందు నది దాటాలంటే పడవలే దిక్కు. పెద్ద రోడ్ల సంగతే ఇలా ఉంటే లోపలి ఊళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాగులు దాటాలి, ఇసుకలో నడవాలి, వానకాలంలో నల్లరేగడి బురద తొక్కాలి. మనిషి నడిచే బాట వెడల్పు చాలు సైకిల్‌కు. వాగు వస్తే బరువు దించి, సైకిల్‌ను భుజాన వేసుకుని అవతలికి చేర్చి, తిరిగొచ్చి మూట తీసుకుపోవచ్చు. నాటు పడవలో అడ్డంగా పడుకోబెట్టవచ్చు. ఏ ఇతర బండీ ఇన్నింటికి ఒప్పుకోదు.

ఎక్కడి నుంచి వచ్చింది

జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ 1817లో చేసిన రెండు చక్రాల కొయ్య బండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. 1860లలో ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడళ్లు బిగించారు. ఆ తర్వాత వేగం కోసం ముందు చక్రాన్ని మనిషి ఛాతీ ఎత్తుకు పెంచి, వెనక చక్రాన్ని చిన్నది చేశారు. చూడటానికి గొప్పగా ఉండేది గానీ పడితే తల పగిలేది. 1885లో ఇంగ్లండులో స్టార్లీ చేసిన రోవర్ సైకిల్ వచ్చింది. రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మన నల్ల సైకిల్ ఈ రెంటి సంతానం. బ్రిటిష్ పాలనలో రాలీ, బీఎస్ఏ, హంబర్, హెర్క్యులిస్ పేర్లతో దిగుమతి అయ్యేది.

దేశంలో తయారీ ఊపందుకున్నాక సైకిల్ మామూలు మనిషికి అందింది. బొంబాయిలో హింద్ సైకిల్స్ 1939లో మొదలైంది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఏర్పడి హెర్క్యులిస్ పేరుతో సైకిళ్లు చేసింది. సోనీపత్‌లో అట్లాస్ 1951లో, అసన్‌సోల్‌లో సెన్ రాలీ 1952లో, లూధియానాలో హీరో 1956లో వచ్చాయి. 1960ల నుంచి 80ల దాకా తెలుగు పల్లెల్లో పెళ్లికొడుక్కి ఇచ్చే కట్నంలో వాచీ, రేడియోల పక్కన సైకిల్ ఉండేది. బొగ్గు గనుల వైపు దాని అవసరం మరోలా ఉండేది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలుపెట్టిన సింగరేణి తర్వాత కొత్తగూడెం దాకా పెరిగింది. షిఫ్టు దిగే వేళకు గని గేటు ముందు సైకిళ్ల బారులే. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన సారపాక కాగితపు మిల్లుకూ చుట్టుపక్కల ఊళ్ల కూలీలు సైకిళ్ల మీదే వెళ్లేవారు.

నిర్మాణం

ఈ సైకిల్ బరువు సుమారు 20 కిలోలు. కొత్త రకం సైకిల్ తొక్కినవాళ్లకు ఇది మొద్దుగా అనిపిస్తుంది. కానీ దాని కొలతల్లో ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. ముందు ఫోర్కు బాగా ఏటవాలుగా ఉండి, చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది. దాంతో గతుకులు హ్యాండిల్ దాకా నేరుగా రావు, బండి తిన్నగా పోతుంది. పెద్ద చక్రం చిన్న గుంటలో దిగబడకుండా మీదుగా దాటిపోతుంది. గేరు ఒక్కటే. ముందు పళ్ల చక్రానికి నలభైకి పైగా, వెనక ఫ్రీవీలుకు 18 లేదా 20 పళ్లు. పెడల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే బండి సుమారు ఐదు మీటర్లు పోతుంది. మైదానంలో ఇది సరిపోతుంది. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కాలంటే మాత్రం దిగి నడిపించుకోవాల్సిందే.

ముందు చక్రానికి 32 చువ్వలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనక పడుతుందని కంపెనీకీ తెలుసు. బ్రేకుకు తీగ ఉండదు, ఇనుప కడ్డీలే. హ్యాండిల్ దగ్గర పిడి నొక్కితే కడ్డీ పైకి లేచి, బ్రేకు రబ్బర్లను రిమ్ము లోపలి అంచుకు ఒత్తుతుంది. తీగ తెగే భయం లేదు. రిమ్ము కొంచెం వంకరపోయినా రబ్బరు పక్కలకు రాసుకోదు. వానలో తడిస్తే పట్టు తగ్గడం దీని పెద్ద లోపం. వాలులో చెప్పు నేలకు రాపిడి పెట్టి ఆపిన అనుభవం ఈ ప్రాంతంలో చాలామందికి ఉంది. ట్యూబులోకి గాలి పోయే చోట ఉన్న వాల్‌ట్యూబు వేలెడు కూడా లేని రబ్బరు ముక్క. గాలిని లోపలికి పోనిచ్చి బయటికి రానివ్వని పని అదే చేస్తుంది. అది చెడితే కొత్తది కిరాణా కొట్టులో కూడా దొరికేది.

రాత్రి ప్రయాణానికి డైనమో. సీసా ఆకారంలో ఉండి టైరుకు రాసుకుంటూ తిరిగి, 6 వోల్టుల కరెంటు పుట్టిస్తుంది. తొక్కే వేగాన్ని బట్టే వెలుగు. గట్టిగా తొక్కితే దారి కనపడుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బల్బు ఎర్రబడి మసకబారుతుంది. అడవి బాటలో వెలుగు అవసరం సరిగ్గా అప్పుడే ఎక్కువ. అందుకే చాలామంది చేతిలో టార్చిలైటు కూడా పెట్టుకునేవారు.

బరువు సైకిళ్లు

కంపెనీ చేసిన సైకిల్ ఒకరు కూర్చుని తొక్కడానికి. అడవి అంచున దాని మీద కూర్చున్న గంటల కంటే పక్కన నడిచిన గంటలు ఎక్కువ. కట్టెల మోపులను క్యారేజీ మీద అడ్డంగా, నిలువుగా పేర్చి, సీటు దాకా ఎత్తి, హ్యాండిల్ ఒక చేత్తో, మోపు ఒక చేత్తో పట్టుకుని ఊరి దాకా తోసుకొచ్చేవారు. వెదురు బొంగులను ఫ్రేముకు రెండు పక్కలా పొడుగ్గా కట్టేవారు. అలా కట్టిన సైకిల్‌ను మలుపు తిప్పడం ఒక విద్య. ముందు చక్రం కొద్దిగా తిరిగితే చాలు, వెనక బొంగుల కొసలు బారెడు దూరం కొట్టుకుంటాయి.

ఎండాకాలం వస్తే బీడీలు చుట్టే తునికాకు. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, ఇంటికి తెచ్చి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఇప్పపువ్వు, చింతపండు, చీపుళ్లు గిరిజన సహకార సంస్థ డిపోకో సంతకో పోతాయి. తిరుగు ప్రయాణంలో అదే క్యారేజీ మీద ఉప్పు, ఎండు చేపలు, నూనె డబ్బా, పిల్లలకు బట్టలు. మూటలు కదలకుండా కట్టడానికి పాత ట్యూబును పొడుగ్గా చీల్చిన రబ్బరు తాళ్లు వాడతారు. నులక తాడు గతుకులకు వదులవుతుంది. రబ్బరు సాగి మళ్లీ బిగుసుకుంటుంది. సైకిల్ తన పాత భాగంతోనే తన బరువును కట్టుకోవడం ఈ బండ్లలో నాకు బాగా నచ్చే సంగతి.

బరువు పెరిగేకొద్దీ బండి రూపం మారింది. ముందు చక్రం ఇరుసు నుంచి హ్యాండిల్ కిందికి మరో రెండు కడ్డీలు వేసి ఫోర్కును బలపరిచారు. కంపెనీలు కూడా ఇలాంటి డబుల్ ఫోర్కు రకాలు అమ్మేవి. క్యారేజీ తీసేసి లావు ఊచలతో కొత్తది వెల్డింగ్ చేయించారు. పాల క్యాన్లు వేలాడేందుకు రెండు పక్కలా కొక్కేలు, కల్లు కుండలు ఒరగకుండా ఆనుకునేందుకు కట్టెలు, చేపల తట్టకు చట్రం పెట్టించారు. స్టాండు కాళ్లు ఇసుకలో దిగకుండా కింద రేకు ముక్కలు అతికించారు. ఈ మార్పులకు కాగితం మీద గీసిన బొమ్మ ఏదీ లేదు. వెల్డింగ్ షాపులో నిలబడి చేత్తో చూపించి చేయించుకున్నవే.

ఇలాంటిదే మరో పెద్ద చరిత్ర వియత్నాంలో ఉంది. 1954లో దియన్ బియన్ ఫూ యుద్ధానికి బియ్యం, మందుగుండు చేరవేసిన సైకిళ్లకు హ్యాండిల్ ఒక పక్కన వెదురు కర్ర కట్టి పొడిగించారు, సీటు దగ్గర మరో కర్ర నిలబెట్టారు. పక్కన నడుస్తూ ఆ రెండు కర్రలతో బండిని అదుపు చేసేవారు. ఒక్కో సైకిల్ 200 కిలోలకు పైగా మోసింది. ఝార్ఖండ్‌లో బొగ్గు బస్తాలు తోసే సైకిళ్లదీ ఇదే పద్ధతి. అడవి, కొండ, ఇరుకు బాట ఉన్నచోట మనుషులు ఒకరినొకరు చూడకుండానే ఒకే ఉపాయానికి వచ్చారు.

అరుదైన రకాల్లో సాన సైకిల్‌ది ప్రత్యేక స్థానం. కత్తులు, కొడవళ్లు, కత్తెరలు పదును పెట్టే మనిషి ఊరి మధ్య సైకిల్ ఆపి స్టాండు వేస్తాడు. వెనక చక్రం గాల్లో ఉంటుంది. చక్రానికి పక్కన బిగించిన చిన్న రిమ్ము నుంచి ఒక పట్టా హ్యాండిల్ దగ్గరున్న సానరాయి దాకా పోతుంది. మనిషి సీటు మీద కూర్చుని తొక్కుతాడు. బండి కదలదు, రాయి గిర్రున తిరుగుతుంది. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేలోగా చిన్న రాయి చాలా చుట్లు తిరుగుతుంది కాబట్టి నెమ్మదిగా తొక్కినా చాలు. కొడవలి అంచు ఆనగానే నిప్పురవ్వలు ఎగురుతాయి. బొటనవేలితో అంచు తడిమి చూసి, మళ్లీ ఆనించి, రెండో పక్క తిప్పుతాడు. పని అయ్యాక పట్టా జార్చి, స్టాండు తన్ని, అదే సైకిల్ ఎక్కి పక్క ఊరికి పోతాడు. దుకాణమూ యంత్రమూ వాహనమూ ఒక్కటే అయిన ఇలాంటి వస్తువు మరొకటి చూపించడం కష్టం.

పొలంలోకి దిగిన సైకిల్ మరో రకం. పాత సైకిల్ ముందు చక్రం, ఫోర్కు, హ్యాండిల్ మాత్రమే ఉంచి, వెనక గుంటుక పళ్లు బిగిస్తారు. మిర్చి, పత్తి సాళ్ల మధ్య ఒక్క మనిషి దీన్ని తోసుకుంటూ కలుపు తీయవచ్చు. ఎడ్లు లేని చిన్న రైతుకు, ఎడ్ల కిరాయి భరించలేని కౌలు రైతుకు ఇది పెద్ద ఆసరా. మిర్చికి పేరుపడ్డ ఖమ్మం ప్రాంతంలో దీని విలువ వేరే చెప్పాల్సిన పని లేదు.

సైకిల్ షాపు

పాత సైకిల్ బతికింది షాపు వల్ల. గాలి పంపు, నీళ్ల తొట్టి, గ్రీజు డబ్బా, స్పానర్లు వేలాడదీసిన బోర్డు, చెట్టు కొమ్మకు వేలాడే పాత టైర్లు: దుకాణం అంటే అంతే. చాలా షాపుల్లో గంటల లెక్కన సైకిళ్లు కిరాయికి ఇచ్చేవారు. పల్లె పిల్లలు తొక్కడం నేర్చుకున్నది ఆ కిరాయి సైకిళ్ల మీదే. సీటు అందని పిల్లలు ఫ్రేము మధ్యలోంచి ఒక కాలు అవతలికి పెట్టి, ఒళ్లు పక్కకు వంచి తొక్కేవారు. తెలంగాణలో దాన్ని కైంచి తొక్కుడు అంటారు.

మెకానిక్ పనితనం చూడాలంటే రిమ్ము బెండు తీసేటప్పుడు చూడాలి. చక్రాన్ని ఫోర్కులోనే ఉంచి చేత్తో తిప్పి, సుద్దముక్కను రిమ్ము అంచుకు దగ్గరగా కదలకుండా పట్టుకుంటాడు. వంకర ఉన్నచోటే సుద్ద గీత పడుతుంది. ఆ గీత దగ్గరి చువ్వల్లో ఒక పక్కవి కొద్దిగా వదులు చేసి, రెండో పక్కవి బిగిస్తాడు. మళ్లీ తిప్పుతాడు. గీత చిన్నదవుతుంది. చివరికి సుద్ద తగలకుండా చక్రం తిరుగుతుంది. కొలిచే పరికరం ఏదీ లేదు. చువ్వను వేలితో మీటి, శబ్దాన్ని బట్టి బిగువు చెప్పే పాత మెకానిక్కులున్నారు.

ఇరుసులో, పెడల్ దగ్గర తిరిగే బాల్సు విడివిడిగా ఉంటాయి. విప్పి, కిరసనాయిల్లో కడిగి, అరిగినవి ఏరేసి, గ్రీజు పూసి మళ్లీ పేర్చవచ్చు. ఇప్పటి చాలా యంత్రాల్లో ఇలాంటి భాగాలకు మూత వేసి మూసేస్తారు. చెడితే మొత్తం మార్చడమే. నల్ల సైకిల్‌లో మనిషి కంటికి, చేతికి అందని భాగం లేదు. ఐదో తరగతి దాకా చదవని పిల్లవాడు కూడా రెండేళ్లు షాపులో పనిచేస్తే మొత్తం బండిని విప్పి బిగించగలిగేవాడు. మారుమూల పల్లెలో ఈ గుణం ప్రాణంతో సమానం.

మనుషులు

ఈ ప్రాంతపు ప్రజాజీవితంలో సైకిల్‌కు గౌరవమైన చోటుంది. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లడం దేశమంతా చెప్పుకున్న విషయం. ఇల్లందు నుంచి ఐదుసార్లు శాసనసభకు ఎన్నికైన ఆదివాసీ నాయకుడు గుమ్మడి నర్సయ్యకు సైకిల్ మీద తిరిగే ఎమ్మెల్యే అనే పేరు స్థిరపడింది. 1982లో ఎన్టీ రామారావు పెట్టిన తెలుగుదేశం పార్టీకి సైకిల్ గుర్తు దక్కడం, 1983 ఎన్నికల్లో ఆ పార్టీ గెలవడం అందరికీ తెలిసిందే. అప్పటికి ఆ బొమ్మ గుర్తుపట్టని ఇల్లు లేదు.

అందరికంటే ఎక్కువగా చెప్పుకోవాల్సింది వనజీవి రామయ్య గురించి. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన దరిపల్లి రామయ్య సైకిల్‌కు మొక్కలు, విత్తనాల సంచులు కట్టుకుని, చెట్ల గొప్పతనం రాసిన బోర్డు మెడలో వేసుకుని రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, ఖాళీ జాగాల్లో నాటుతూ పోయారు. భార్య జానమ్మ ఆయనకు తోడు. ఆయన నాటినవి కోటికి పైనే అని చెబుతారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అడవి నుంచి కట్టెలు, ఆకులు, బొంగులు మోసుకొచ్చిన బండి మీదే ఆయన చెట్లను ఊళ్లోకి తీసుకొచ్చారు. ఖమ్మం జిల్లా సైకిల్ చరిత్రలో ఇంతకంటే గొప్ప అధ్యాయం లేదు.

అలంకారం, ఆట

సీటుకు కుచ్చుల కవరు, హబ్బు చుట్టూ రంగుల బ్రష్షు, హ్యాండిల్‌కు అద్దం, మడ్‌గార్డు చివర సినిమా నటుడి బొమ్మ, చైను కవరు మీద పెయింటర్‌తో రాయించుకున్న పేరు: ఇవి లేకుండా కుర్రవాడి సైకిల్ ఉండేది కాదు. ఊళ్లలో సైకిల్ ప్రదర్శనలు కూడా జరిగేవి. గుండ్రంగా గుంజలు పాతి, మైకు పెట్టి, ఒక యువకుడు రోజుల తరబడి కిందికి దిగకుండా తొక్కేవాడు. తిండి, స్నానం అన్నీ సైకిల్ మీదే. సాయంత్రం హ్యాండిల్ వదిలి, సీటు మీద నిలబడి విన్యాసాలు చేస్తే జనం చిల్లర వేసేవారు. టీవీ వచ్చాక ఇవి కనుమరుగయ్యాయి.

నేటి స్థితి

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. ఆ తర్వాత అడవి పల్లెలకు కూడా రోడ్లు, వాయిదాల మీద మోటారు సైకిళ్లు వచ్చాయి. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే, అట్లాస్ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని ఆపేసింది. నల్ల సైకిల్ తయారీ పూర్తిగా ఆగలేదు, కానీ కడ్డీ బ్రేకుల విడిభాగాలు చిన్న ఊళ్లలో దొరకడం తగ్గింది. సరిహద్దుకు అవతల ఛత్తీస్‌గఢ్‌లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్లు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో బడికొస్తా పథకం కింద ఇచ్చారు. కాబట్టి అడవి బాట మీద ఇప్పుడు కనిపించే సైకిల్ చాలాసార్లు బడి పిల్లదే, అడ్డకడ్డీ కిందికి దిగిన ఫ్రేముదే.

పాత సైకిళ్లను ప్రేమించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఇటలీలో 1997 నుంచి జరుగుతున్న ఎరోయికా యాత్రలో పాతకాలపు సైకిళ్లతో మట్టి రోడ్ల మీద తొక్కుతారు. పుణెలో విక్రమ్ పెండ్సే సైకిల్ మ్యూజియం ఉంది. కానీ సేకరణల్లోకి ఎక్కువగా చేరేది మెరిసే దిగుమతి బండ్లే. పని చేసి అరిగిన బండ్లు పాత ఇనుప సామాన్ల వాడి తూకంలోకి పోతున్నాయి. ఫోర్కుకు అదనపు కడ్డీలు వేసిన కట్టెల సైకిల్, పట్టా బిగించిన సాన సైకిల్, గుంటుకగా మారిన సగం సైకిల్ ఇంకో పదిహేనేళ్లలో చూద్దామన్నా దొరక్కపోవచ్చు. భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. విల్లంబులు, డోళ్లు, వెదురు బుట్టలు దాచుకున్న చోట ఒక బరువు సైకిల్‌కు కూడా జాగా ఇవ్వాలి. కొత్తగా రంగు వేయకుండా, రబ్బరు తాళ్లు తీసేయకుండా, సంత నుంచి వచ్చిన దాన్ని వచ్చినట్టే నిలబెట్టాలి. అది ఏ ఊరిదో, ఏ బాట మీద తిరిగిందో, ఏయే భాగం ఎందుకు మార్చారో తోసిన మనిషినే అడిగి పక్కన రాయించాలి.